గట్టి స్వే బార్: వెనక ఒక్కటా, ముందూ వెనకా రెండా, అసలు వద్దా? విశాఖ రోడ్లకి ఏది సరిపోతుంది

ఆక్టేవియా వీఆర్ఎస్, వర్టస్ జీటీ, స్లావియా 1.5, వెర్నా టర్బో, పాత సివిక్, బీఎండబ్ల్యూ 3 సిరీస్. ఇలాంటి సెడాన్ ఒకటి కొని, ఏడాదో రెండేళ్లో నడిపాక చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. ఇంజిన్ బాగుంది, బ్రేకులు బాగున్నాయి, కానీ అనంతగిరి ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా బండి పక్కకి ఒరుగుతోంది, స్వే బార్‌ని, అంటే ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీని, ఇంకా గట్టిది వేయిస్తే పోతుందా అని. ఒరగడం తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. దానితోపాటు ఇంకేం మారుతుందో తెలుసుకుని డబ్బు పెట్టాలి. స్ప్రింగులు, షాకులు పూర్తిగా మార్చడం కంటే ఇది చవకైన పని. కారు స్వభావాన్ని మాత్రం వాటికి ఏమాత్రం తీసిపోకుండా మార్చేస్తుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. కారు ముందు చక్రాలతో నడిచేదై, వెనక సస్పెన్షన్ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) అయితే వెనక బార్ ఒక్కటే, అదీ ఒక మెట్టు, అంటే ఇప్పుడున్నదాని తర్వాతి మందం మాత్రమే గట్టిది వేయించండి. వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం) ఉన్న కారైతే ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి. వెనక చక్రాలతో నడిచే కారైతే వెనక బార్ ఒక్కదాన్నే గట్టిపరచకండి. ఏ కారైనా సరే, కొత్త బార్ గురించి మాట్లాడే ముందు ఇప్పుడున్న బార్ లింక్ రాడ్లు, బుష్‌లు (బార్‌ని పట్టుకునే రబ్బరు ముక్కలు) చూపించుకోండి.

బార్ ఏం చేస్తుంది, ఏం చేయదు

స్వే బార్ అంటే కారు కింద అడ్డంగా, ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా ఉండే స్ప్రింగ్ ఉక్కు కడ్డీ. మన మెకానిక్‌లు స్టెబిలైజర్ రాడ్ అనో బ్యాలెన్స్ రాడ్ అనో అంటారు. మధ్యలో రెండు బుష్‌లు దాన్ని పట్టుకుని ఉంటాయి, రెండు చివరలూ చిన్న లింక్ రాడ్ల ద్వారా సస్పెన్షన్‌కి కలుస్తాయి. మలుపులో బయటి చక్రం పైకి, లోపలి చక్రం కిందికి కదిలితే కడ్డీ మెలిపడుతుంది. మెలిపడనని అది చూపించే బలమే బాడీని ఒరగకుండా ఆపుతుంది.

రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు కడ్డీ మెలిపడదు, బుష్‌లలో తిరిగి ఊరుకుంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో కట్టిన స్పీడ్ బ్రేకర్‌ని తిన్నగా దాటితే, గట్టి బార్ ఉన్న కారుకీ మామూలు కారుకీ పెద్దగా తేడా తెలియదు. ఒకవైపు చక్రం మాత్రమే గోతిలో దిగితే మాత్రం కడ్డీ ఆ కుదుపులో కొంత రెండోవైపుకి మోసుకెళ్తుంది. బార్ ఎంత గట్టిదైతే అంత ఎక్కువ మోస్తుంది. కారు నేరుగా పైకీ కిందకీ ఊగదు, పక్కలకి ఊగుతుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. కొన్నాక ఎక్కువమందిని బాధపెట్టేది ఇదే.

ఇంకో సంగతి. బార్ వేస్తే కారుకి పట్టు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. ఒక లెక్క చూడండి. 1,400 కిలోల కారు, గరిమనాభి నేలనుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 155 సెంటీమీటర్లు అనుకుందాం. భూమ్యాకర్షణలో సగం బలంతో పక్కకి తోసే మలుపులో లోపలి చక్రాల మీదనుంచి బయటి చక్రాల మీదకి దాదాపు 250 కిలోల భారం వెళ్తుంది. బార్ మందం ఈ లెక్కలో ఎక్కడా లేదు. బండి బాగా ఒరిగినా, కొద్దిగానే ఒరిగినా వెళ్లే భారం దాదాపు అంతే. ఆ భారంలో ముందు జత టైర్లు ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్నదే బార్ మార్చగలదు.

టైరుకి ఒక గుణం ఉంది. భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. కాబట్టి ముందూ వెనకల్లో ఏ బార్‌ని గట్టిపరిస్తే ఆ జతలో బయటి టైరు మీద భారం ఎక్కువై, ఆ జత మొత్తం పట్టు కాస్త తగ్గుతుంది. ముందు బార్ గట్టిదైతే ముందు టైర్లు త్వరగా జారతాయి, అంటే స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటికి తోసుకుపోతుంది. వెనక బార్ గట్టిదైతే ముందు భాగం బాగా తిరుగుతుంది, హద్దు దాటితే తోక జారుతుంది. అందుకే కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న “నా కారు ఎంత ఒరుగుతోంది” అన్నది కాదు, “ఏ జత ముందు జారుతోంది” అన్నది.

ఇది తెలుసుకోడానికి ఘాట్‌లో వేగంగా వెళ్లక్కర్లేదు. ముందు టైరు మీద అరచేయి పెట్టి లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా నిమరండి. బయటి అంచు నున్నగా అరిగి మధ్యభాగం ఇంకా గరుగ్గా ఉంటే, అలైన్‌మెంట్ సరిగా ఉండి, గాలి తక్కువ కాకుండా ఉంటే, ముందు టైర్లు మలుపుల్లో తమ వంతుకి మించి మోస్తున్నట్టే. ముందు చక్రాలతో నడిచే సెడాన్‌లలో ఇది మామూలు. కంపెనీలు కూడా కావాలనే కారుని ముందు జారేలా తయారుచేస్తాయి. అలవాటు లేని డ్రైవర్‌కి తోక జారడం కంటే అదే నయం.

రెండు మిల్లీమీటర్లు చాలా పెద్ద తేడా

గుండ్రటి ఉక్కు కడ్డీ మెలిక బలం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. బార్ తీసి 21 వేస్తే బలం దాదాపు 22 శాతం, 22 వేస్తే 46 శాతం పెరుగుతుంది. 24 వేస్తే రెట్టింపు దాటిపోతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే 20, 22 మధ్య తేడా కంటికి సరిగా ఆనదు కూడా. కొనేటప్పుడు “రెండు మిల్లీమీటర్లే కదా” అనిపించేది ఇందుకే.

బార్ బలం 46 శాతం పెరిగితే కారు ఒరగడం 46 శాతం తగ్గదు. ఒరగకుండా ఆపే పనిలో స్ప్రింగుల వాటా ఎప్పుడూ ఉంటుంది, బార్ వాటా దానికి అదనం. మీ కారుకి ఇప్పుడున్న మందం వెబ్‌సైట్‌లో చూసి నమ్మకండి. ఒకే మోడల్‌లో ఇంజిన్‌ని బట్టి, ఏడాదిని బట్టి మందం మారుతుంది. మెకానిక్ దగ్గర మందం కచ్చితంగా కొలిచే వెర్నియర్ ఉంటుంది. బుష్‌కి కాస్త దూరంలో, తుప్పు గీకి కొలిపించండి.

బోలు బార్లు కూడా దొరుకుతాయి. బయట 24 మి.మీ., గోడ మందం 4 మి.మీ. ఉన్న బోలు బార్, అదే 24 మి.మీ. మందంలో బోలు లేని కడ్డీ బలంలో 80 శాతం ఇస్తుంది, బరువు మాత్రం 56 శాతమే. బరువు లెక్కపెట్టుకునే రేసు కారుకి ఇది గొప్ప విషయం. మనకి అంత అవసరం లేదు. పైగా సముద్రపు గాలిలో బోలు బార్ లోపల తుప్పు పడితే బయటికి కనిపించదు. వైజాగ్‌లో ఉండే కారుకి నేను బోలు లేని కడ్డీనే ఎంచుకుంటాను.

చివర్లో రెండు మూడు రంధ్రాలున్న ఎడ్జస్టబుల్ బార్ కోసం కొంచెం ఎక్కువ పెట్టడం మంచిదే. లింక్ రాడ్ ఏ రంధ్రంలో బిగించారో దాన్నిబట్టి బార్ చేయి, అంటే బార్ మెలిపడే భాగం నుంచి లింక్ దాకా ఉన్న కొస, పొడవు మారుతుంది. 20 సెంటీమీటర్ల చేయి 18 అయితే బలం సుమారు 23 శాతం పెరుగుతుంది. మొదట అన్నిటికంటే బయటి రంధ్రంలో, అంటే మెత్తగా ఉండే చోట బిగించి కనీసం ఒక వానాకాలం నడపండి. రెండు వైపులా ఒకే రంధ్రంలో ఉందో లేదో మీరే వంగి చూసుకోండి.

ఏ కారుకి ఏది

ముందు చక్రాల డ్రైవ్, వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని కొన్ని రాడ్లు విడిగా పట్టుకునే ఇండిపెండెంట్ సస్పెన్షన్). మన దేశానికి 2017లో వచ్చిన ఆక్టేవియా వీఆర్ఎస్ ఈ కోవలోదే. 2006 నాటి సివిక్‌కి కూడా వెనక ఇండిపెండెంట్ సస్పెన్షనే ఉంది. ఐబాక్, హెచ్ అండ్ ఆర్, వైట్‌లైన్ లాంటి కంపెనీలు ఇలాంటి కార్లకి వెనక బార్ విడిగా అమ్ముతాయి. స్టీరింగ్ తిప్పగానే ముక్కు లోపలికి తిరగడం మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఇంజిన్ బలం ముందు చక్రాలకి వెళ్తుంది కాబట్టి వెనక లోపలి చక్రం కాస్త తేలినా లాగుడు తగ్గదు. ముందు బార్ గట్టిదైతే ముందు లోపలి చక్రం తేలికై, ఘాట్ ఎక్కుతూ మలుపులో యాక్సిలరేటర్ తొక్కగానే ఊరికే గిర్రున తిరుగుతుంది. ఎగువకి మలుపులున్న యారాడ కొండ రోడ్డు లాంటి చోట ఇది బాగా తెలుస్తుంది.

అలాగని ముందు బార్ వేయడం ఎప్పుడూ తప్పని కాదు. ఈ కార్లకి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన నిలువు కాలు) ఉంటుంది. బాడీ ఎక్కువ ఒరిగితే బయటి చక్రం కూడా బయటికి వాలి, టైరు అంచు మీద నిలబడుతుంది. గట్టి ముందు బార్ ఆ వాలుని అదుపు చేస్తే టైరు మొత్తం నేలకి ఆని, పోయిన పట్టు కన్నా వచ్చిన పట్టు ఎక్కువ కావచ్చు. రేస్ ట్రాక్‌కి వెళ్లేవాళ్లు, మెత్తటి రబ్బరు టైర్లు వాడేవాళ్లు రెండు బార్లూ కలిపి వేసేది ఇందుకే. ట్రాక్ నున్నగా ఉంటుంది. మన రోడ్డు అలా ఉండదు. ఇంకో చిక్కు, చాలా కార్లకి ముందు బార్ తీయాలంటే సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే కింది చట్రం) కిందకి దించాలి. పని గంటలు పెరుగుతాయి, ఒకసారి వాడి పారేయాల్సిన బోల్టులు కొత్తవి కావాలి, తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. వెనక బార్ పని చాలా కార్లలో దానికంటే బాగా తేలిక.

వర్టస్, స్లావియా, వెర్నా లాంటివాటికి వెనక టోర్షన్ బీమ్. రెండు చక్రాలనీ కలిపే ఆ అడ్డ దూలమే మెలిపడుతూ స్వే బార్ పని కూడా చేస్తుంది. దానికి బయటనుంచి బోల్టులతో అదనపు బార్ బిగించే కిట్‌లు కొన్ని కార్లకి ఉన్నాయి. పనిచేస్తాయి కూడా. కానీ బీమ్ ఉన్న కారులో ఒకవైపు కుదుపు రెండోవైపుకి ముందే బాగా వెళ్తుంది. ఇంకా గట్టిపరిస్తే వెనక సీటు బాధ ఎక్కువవుతుంది. ఈ కార్లకి నేను ముందు చూసేది టైర్లు. కంపెనీ ఇచ్చిన సైజులోనే మంచి గ్రిప్ ఉన్న జత వేసి, డోర్ పక్క స్టిక్కర్ మీదున్న గాలి పెడితే, బార్ ఇవ్వలేని అసలు పట్టు వస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు కూడా దగ్గరలో పడుతుంది.

వెనక చక్రాల డ్రైవ్ బీఎండబ్ల్యూల విషయం పూర్తిగా వేరు. వెనక బార్ ఒక్కదాన్నే గట్టిపరిస్తే, బలం వెళ్లే చక్రాల జతకే పట్టు తగ్గించినట్టు. వానలో మలుపు నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కితే తోక బయటికి వస్తుంది. చేయాలనుకుంటే ముందూ వెనకా ఒకే కంపెనీ సెట్టుగా వేయించండి, లేదా వదిలేయండి.

బార్ బదులు తగ్గు స్ప్రింగులు వేయిద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఒరగడం వాటితోనూ తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ కారు కిందకి దిగుతుంది. ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు కట్టుకున్న కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద రోజూ అడుగు గీసుకుంటుంది. బార్ వల్ల గ్రౌండ్ క్లియరెన్స్ మారదు. వైజాగ్‌లో ఉండేవాళ్లకి బార్ పక్షాన గట్టిగా నిలబడే కారణం ఇదే.

మీరు రోజూ వెళ్లే రోడ్డు ఏది?

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా ఉన్న రోడ్డు గట్టి బార్‌కి సరిగ్గా సరిపోతుంది. తారు నున్నగా ఉన్న చోట్లా, తొట్లకొండ దగ్గర సాగే మలుపుల్లోనూ కారు చెప్పినట్టు వింటుంది. అయితే అక్కడక్కడా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రోడ్డు మీద పరుచుకుంటుంది. తోక తేలిగ్గా జారే కారుకి అది ప్రమాదం. వెనక బార్ వేయించాక వెనక టైర్లు ఎప్పుడూ ముందు టైర్ల కంటే అరిగినవి కాకూడదు.

ఆనందపురం, అనకాపల్లి మధ్య ఆరు లైన్ల హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లకి బార్‌తో పనే లేదు. లారీని దాటుతూ లైన్ మారినప్పుడు కారు తేలిపోతున్నట్టుంటే ముందు షాకులు చూపించండి. అరిగిన షాకుల మీద గట్టి బార్ వేస్తే ఒరగడం తగ్గినట్టుంటుంది, చక్రం ఎగరడం మాత్రం పెరుగుతుంది.

ఇక అరకు. ఎస్.కోట దాటి ఘాట్ మొదలైన దగ్గర్నుంచి అనంతగిరి, డముకు, గాలికొండ దాకా మలుపు మీద మలుపు. బార్ ఆలోచన పుట్టించేదీ ఈ రోడ్డే, బార్‌కి అసలు పరీక్ష పెట్టేదీ ఈ రోడ్డే. వానల తర్వాత మలుపుల అంచుల్లో తారు ఊడిపోయి ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలు ఆ అంచులోకి దించక తప్పదు. ఒకవైపు చక్రాలు గోతుల్లో, ఇంకోవైపు తారు మీద, కారు వంపులో. గట్టి బార్ మోసుకొచ్చే కుదుపులన్నీ ఇక్కడే బయటపడతాయి. పెద్దవాళ్లనో పిల్లలనో వెనక కూర్చోబెట్టుకుని తరచూ అరకు వెళ్లేవాళ్లు ఒక్క మెట్టుకి మించి పోవద్దు. నిలకడగా సాగే మలుపులో ఒరగడం తగ్గితే కడుపులో తిప్పడం తగ్గొచ్చు, కానీ గతుకుల్లో తల పక్కలకి కొట్టుకుంటే ఆ మేలంతా పోతుంది.

బిగించే ముందు, బిగించాక

స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, ముందు చక్రం వెనక చేయి పెడితే సన్నటి లింక్ రాడ్ తగులుతుంది. గట్టిగా పట్టుకుని ఊపండి. వేళ్లకి సన్నగా టక్కుమని తగిలితే దాని బాల్ జాయింట్ అయిపోయింది. జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు ఇసుకతో కలిసి గోధుమరంగు ముద్దగా కారుతుండటం కూడా చూస్తారు. ఆ వదులు పూర్తయ్యేదాకా బార్ పని మొదలుపెట్టదు. ఆలోపు కారు ఒరిగిపోతూనే ఉంటుంది. గాజువాక ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్ అయితే, “ముందు లింకులు, బుష్‌లు మార్పించండి సార్, తర్వాత కూడా ఒరుగుతోందంటే అప్పుడు బార్ చూద్దాం” అని తనే చెప్తారు. బార్ ధరతో పోలిస్తే వీటి ఖర్చు చిన్నది. కొందరికి ఇక్కడితోనే సరిపోతుంది.

కొత్త బార్‌తో వచ్చే పాలీయురేథేన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) బుష్‌లు రబ్బరు కంటే గట్టివి, పొడిబారితే కిర్రుకిర్రుమంటాయి. కిట్‌లో ఇచ్చిన గ్రీజే రాయించండి, షాపులో ఉన్న మామూలు గ్రీజు వద్దు. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు బుష్ క్లాంప్ అంచు దగ్గర పెయింట్ చూస్తుండాలి. అక్కడే రాయి తగిలి పొర లేస్తుంది, ఉప్పు తేమ కిందకి చేరి బుడగలా ఉబ్బుతుంది. ఆ తుప్పు బుష్‌ని లోపలనుంచి గీకేస్తుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు కారు కింద భాగం మంచినీళ్లతో కడగమని ప్రత్యేకంగా అడగండి. పాత బోల్టులు పట్టేసి ఉంటాయి కాబట్టి పనికి ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టించి ఉంచితే, విరిగిన బోల్టుతో రోజంతా తంటాలు పడక్కర్లేదు.

బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బార్ ముందే మెలిపడి ఉండిపోవచ్చు, బుష్‌లు త్వరగా పోతాయి. బార్ ఎటు కదిలినా బ్రేక్ హోస్‌కి, సైలెన్సర్ పైపుకి తగలకుండా ఉందో లేదో టార్చి వేసి చూడమనండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే స్పానర్) సరిచూపించండి.

కాగితాల సంగతి కూడా మరవకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా కారు మార్చకూడదంటుంది. అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది. ఆర్సీలో స్వే బార్ మందం రాసి ఉండదు. అయినా ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్ మాట కూడా కాగితం మీద తీసుకోండి. తీసేసిన పాత బార్‌నీ, దాని క్లాంపుల్నీ పాత ఇనుములో వేసేయకుండా నూనె రాసి గోనెసంచిలో చుట్టి దాచండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగేది ఆ బార్‌నే.